ముప్పై మూడో పేజీలో నక్షత్రం

ఉత్తరాన సముద్రపొడ్డున ఉన్న బకీ అనే ఊళ్లో నెట్టా ఫ్లెట్‌ను ఎరగని పిల్లవాడు లేడు. బడి వంటగదిలో ఇరవై రెండేళ్లుగా గరిటె పట్టుకుని నిలబడ్డ మనిషి ఆమె. "బఠాణీలు వద్దు" అన్నవాడికి ఒక గరిటె ఎక్కువ వడ్డిస్తుంది. "బాగున్నాయి" అన్నవాడికీ ఇంకో గరిటె వడ్డిస్తుంది. ఎటూ బఠాణీలు తప్పవు. మనిషి దిట్టం, నోరు అంతకన్నా దిట్టం. ఆ నోటికి జడిసి హెడ్మాస్టరు కూడా పక్క తలుపులోంచి వచ్చి టీ తాగిపోతాడు.

అలాంటి మనిషి యాభై ఆరేళ్ల వయసులో, పదహారేళ్ల పిల్లల కోసం రాసిన రాకుమారుల ప్రేమకథలు, మంత్రాల కోటల కథలు చదువుతుందంటే ఎవరు నమ్ముతారు? ఎవరూ నమ్మకూడదనే ఆవిడ కోరిక కూడా. పుస్తకానికి బంగాళాదుంపల వంటకాల పుస్తకం అట్ట తొడిగి, బస్సులో కూర్చుని చదివేది. బంగాళాదుంపల గురించి చదువుతూ కళ్లు తుడుచుకునే ఆడదాన్ని చూసి జనం ఏమనుకున్నారో మరి.

భర్త డోడ్‌కు మాత్రం తెలుసు. అతను సముద్రంలో నూనె బావులకు సరుకులు చేరవేసే పడవ మీద పని చేస్తాడు, రెండు వారాలు నీళ్ల మీద, రెండు వారాలు ఇంట్లో. ఇంట్లో ఉన్నప్పుడు ఆమె పుస్తకం తెరిస్తే, "ఏమేవ్, ఈసారి వాడికి రెక్కలున్నాయా, కోరలున్నాయా?" అని అడుగుతాడు. "వాడికి నడుమున్నది, నీకది లేదు" అంటుంది ఆమె. అక్కడితో ఆ సంభాషణ అయిపోతుంది.

ఎందుకు చదువుతుందో నెట్టా ఎన్నడూ ఎవరికీ చెప్పుకోలేదు. ఆమెకు పదహారేళ్లు నిండిన శుక్రవారం బడి మానేసింది. సోమవారం పొద్దున చేపల షెడ్డులో నిలబడి కత్తి పట్టింది. ఆ ఏడాదంతా చేతుల వాసన పోలేదు. శనివారం నాట్యానికి పోయినా ఏ కుర్రాడూ రెండో పాటకు పిలిచేవాడు కాదు. పదహారేళ్ల వయసంటూ ఒకటి ఉంటుందని, అందులో ఒకడు కోట గోడ దూకి నీ కోసం వస్తాడని ఆమెకు నలభై అయిదో ఏట పుస్తకం చదివితే గాని తెలియలేదు. తెలిశాక ఆగలేకపోయింది.

ఆ నలభై అయిదో ఏటే మ్యూరియెల్ కూడా దొరికింది. దొరకడమంటే, ఇద్దరూ ఒకే ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లే. మ్యూరియెల్ పెద్ద వీధిలోని మందుల షాపులో పని చేస్తుంది. పెళ్లి చేసుకోలేదు. మాట మెత్తన, నడక మెత్తన. ఒక శనివారం లైబ్రరీలో పిల్లల అరల దగ్గర ఇద్దరి చేతులూ ఒకే పుస్తకం మీద పడ్డాయి.

"మా చెల్లెలి కూతురికి" అంది నెట్టా గబుక్కున.

"మా మేనకోడలికి" అంది మ్యూరియెల్.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నీకు అన్నదమ్ములు లేరు కదే మ్యూరియెల్."

"మీ చెల్లెలికి ఇద్దరూ మగపిల్లలే కదా నెట్టా."

నవ్వాపుకోలేక ఇద్దరూ నేల మీద కూలబడ్డారు. లైబ్రరీ ఆవిడ వచ్చి ష్ అనాల్సి వచ్చింది.

ఆ పుస్తకం "తొమ్మిది పడవల రాజ్యం" అనే గాథలో మొదటి భాగం. ఓరెత్ అనే జాలరి పిల్ల, టావిన్ అనే శత్రు రాకుమారుడు. పిల్ల సింహాసనం ఎక్కాలి, రాకుమారుడు ఆమెను చంపాలి, చంపలేడు. అంతే కథ. అంతే కాని, ఆ "చంపలేడు" అన్న ముక్క ఆరు భాగాలు సాగుతుంది, మధ్యలో ఒక్కో భాగానికి రెండేళ్లు ఎదురుచూడాలి. ఆ ఎదురుచూపులోనే ఇద్దరూ స్నేహితులయ్యారు.

వాళ్లకు ఒక కట్టుబాటు ఉండేది. వారానికి అయిదు అధ్యాయాలు. ఎవరి పుస్తకం వాళ్లదే, లైబ్రరీకి వచ్చే రెండు ప్రతుల మీదా నెలల ముందే పేర్లు రాయించుకునేవారు. గురువారం సాయంత్రం మ్యూరియెల్ ఇంట్లో టీ, ఉప్పు రొట్టెలు, ఆ అయిదు అధ్యాయాల మీద చర్చ. ఆరో అధ్యాయం ఎవరు ముట్టుకున్నా మోసం చేసినట్టే. కొత్త భాగం కోసం ఎదురుచూసే నెలల్లో అలాంటివే వేరే పుస్తకాలు. పదకొండేళ్లలో ఒక్క గురువారం కూడా తప్పలేదు. మ్యూరియెల్ తల్లి పోయిన వారం కూడా, సమాధి దగ్గరినుంచి తిరిగొచ్చి, నల్ల గౌన్లలోనే కూర్చుని ముప్పైరెండో అధ్యాయం గురించి పోట్లాడుకున్నారు. డోడ్ అంటూ ఉండేవాడు, నెట్టాకు తాను రెండువారాల మొగుడనీ, మ్యూరియెల్ ప్రతివారం మొగుడనీ.

పుస్తకం పూర్తయ్యాక గుర్తు పెట్టేవారు. ఇది ఆ ఊరి ముసలమ్మల పద్ధతి. లైబ్రరీ పుస్తకాలు ఏవి చదివామో, ఏవి చదవలేదో గుర్తుండక, ప్రతి ముసలమ్మా తనదంటూ ఒక పేజీ ఎంచుకుని దాని మూల పెన్సిల్‌తో చిన్న గుర్తు పెట్టుకుంటుంది. హత్యల పుస్తకం ఏది తీసినా నలభై ఏళ్ల చుక్కలూ గీతలూ కనిపిస్తాయి. లైబ్రరీవాళ్లు చూసీ చూడనట్టు ఊరుకుంటారు. నెట్టా తల్లిది ముప్పై మూడో పేజీ. తల్లి తరవాత ఆ పేజీ నెట్టాకు వచ్చింది. రెండు ప్రతుల్లోనూ అక్కడ నెట్టా చిన్న చేపబొమ్మ గీసేది. ఆ పక్కనే మ్యూరియెల్‌ను కూడా టిక్కు పెట్టుకోనిచ్చింది. ఇంకెవరికీ ఆ చోటు ఇచ్చేది కాదు.

ఇక నెట్టా రహస్యం ఒకటుంది. పుస్తకం చేతికి రాగానే ఆమె మొట్టమొదట చివరి పేజీ చదివేది. ఎవరు బతికారో, ఎవరు పోయారో తెలియకపోతే ఆమెకు నిద్ర పట్టదు. సముద్రం మీదికి పోయిన తండ్రి కోసం కిటికీలో కూర్చుని పెరిగిన పిల్ల, ఎదురుచూడడం ఆమెకు ఒంట పట్టలేదు. ఒక్క పేజీయే కదా, అది అధ్యాయం కిందికి రాదు కదా అని సర్దిచెప్పుకునేది. పదకొండేళ్లుగా మ్యూరియెల్‌కు ఈ సంగతి తెలియదని కూడా నమ్మింది.

ఆరో భాగం, అంటే ఆఖరిది, మే నెలలో వస్తుందన్నారు. ఏప్రిల్‌లో నెట్టా అయిదో భాగాన్ని మళ్లీ ఒకసారి చూసుకుందామని లైబ్రరీనుంచి తెచ్చుకుంది. అలవాటుగా ముప్పై మూడో పేజీ తీసింది. చేప ఉంది. టిక్కు ఉంది. దాని కింద కొత్తగా ఇంకో టిక్కు ఉంది. ఆ టిక్కు పక్కన ఒక బుల్లి నక్షత్రం ఉంది.

నెట్టా కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసింది. నక్షత్రం పోలేదు.

అంటే మ్యూరియెల్ ఆ పుస్తకాన్ని రెండోసారి చదివింది. చదివితే చదివింది, ఒక్కతే చదవలేదు. ఎవరితోనో చదివింది. తమ పేజీలోకి, అమ్మ పేజీలోకి, ఎవరినో తెచ్చి కూర్చోబెట్టింది. డోడ్ ఎవరితోనో తిరిగాడని విన్నా నెట్టాకు ఇంత మండేది కాదేమో. వాడు తిరిగితే నాలుగు తిట్టి అన్నం పెట్టకుండా ఊరుకునేది. ఇది వేరు.

ఆ గురువారం మ్యూరియెల్ ఏమీ చెప్పలేదు. నెట్టా అడగలేదు. అడిగితే తేలికైపోతామన్న పొగరు. రొట్టె విరుస్తూ, "ఈ మధ్య ఏమన్నా చదివావా?" అంది మాటవరసకు.

"ఆఁ, అవీ ఇవీ" అంది మ్యూరియెల్, కప్పులోకి చూస్తూ.

అవీ ఇవీనట. నెట్టా ఆ రాత్రంతా ఆ రెండు మాటలనే నమిలింది.

వారం తిరగకుండా దొంగ దొరికింది. డోడ్ రక్తపోటు బిళ్లలకోసం నెట్టా మందుల షాపుకు వెళితే, కొత్తగా చేరిన పిల్ల కాగితం సంచీ అందించింది. ఇరవై ఏళ్లుంటాయి, మిరెన్ అట, గులాబీ రంగు జుట్టు. సంచీ మీద డోడ్ పేరు రాసి, పక్కన బుల్లి నక్షత్రం గీసింది.

"ఈ చుక్కేంటమ్మా?" అంది నెట్టా.

"ఊరికే ఆంటీ, అలవాటు. మందులు తీసుకునేవాళ్ల మొహంలో కాస్త వెలుగొస్తుందని." పిల్ల నవ్వింది. "మీరు నెట్టా ఆంటీ కదూ? మ్యూరియెల్ రోజూ మీ గురించే చెబుతుంది. టావిన్ మంచివాడని మీరు మొదటినుంచీ అన్నారంటగా? నాకు మాత్రం వాడి మీద ఇంకా అనుమానమే!"

మ్యూరియెల్ అట. ఆంటీ తను, మ్యూరియెల్ మాత్రం ఉత్త మ్యూరియెల్. వెనక అరల మధ్యనుంచి మ్యూరియెల్ తొంగి చూసి, నెట్టాను చూసి, ఎర్రబడింది. నెట్టా బిళ్లలు తీసుకుని బయటికొచ్చేసింది. ఆ షాపులో అన్నిటికీ మందుంది, ఆమె రోగానికే లేదు.

మే నెల రెండో మంగళవారం ఆరో భాగం వచ్చింది. లైబ్రరీ తలుపు తీసేసరికి నెట్టా మెట్టు మీద ఉంది. పుస్తకం ఇటుకంత బరువు. ఇంటికి వచ్చి, కోటు కూడా విప్పకుండా చివరి పేజీ తీసింది.

రాణి శవాన్ని పడవలో పడుకోబెట్టారు. ఒడ్డున ఒక్కడే నిలబడి, ఆ పడవను నీళ్లలోకి తోశాడు. అది కనబడకుండా పోయేదాకా చూస్తూ ఉండిపోయాడు. అంతే.

నెట్టా పుస్తకం మూసింది. ఓరెత్ చచ్చిపోయింది. సింహాసనం ఎక్కి, రాణి అయి, చచ్చిపోయింది. ఎదురుచూసిన పదకొండేళ్లూ ఆ పడవలో పడుకుని పోయినట్టే అనిపించింది. అలా ఏడుస్తూనే ఆమెకు ఒక తృప్తి కూడా కలిగింది, చెప్పుకోవడానికి సిగ్గుపడవలసిన తృప్తి. ఇది తనకు తెలుసు. ఆ గులాబీ జుట్టు పిల్లకు తెలియదు.

బుధవారం మ్యూరియెల్ ఫోను చేసింది. "నెట్టా, రేపు వద్దులేవే. జలుబు పట్టింది. వచ్చేవారం చూద్దాం."

జలుబు! పదకొండేళ్లలో తప్పని గురువారం జలుబుకు తప్పింది. అయినా, నమ్ముదామని మనసు గట్టిగా ప్రయత్నించింది. గురువారం బడినుంచి వచ్చి పొగ పెట్టిన చేపతో చారు కాచింది. గిన్నె తువ్వాలుతో చుట్టి, పట్టుకుని బస్సెక్కింది. ఆ కాలంలో అక్కడ తొమ్మిదింటిదాకా పొద్దు కుంకదు. ఆరు గంటల ఎండలో మ్యూరియెల్ వంటింటి కిటికీ లోపలిదాకా కనిపిస్తోంది. బల్ల మీద టీ, రొట్టెలు. ఒక నెరిసిన తల, ఒక గులాబీ తల, మధ్యలో ఒకే పుస్తకం.

నెట్టా తలుపు తట్టలేదు. తోసుకుని లోపలికి పోయి, చారు గిన్నె బల్ల మీద దభీమని పెట్టింది.

"జలుబుకు మంచిది, తాగు" అంది.

మిరెన్ లేవబోయింది. మ్యూరియెల్ ఆ పిల్ల చేయి పట్టి కూర్చోబెట్టింది. అది చూశాక నెట్టాకు ఉన్న కాస్త బుద్ధీ పోయింది.

"ఇన్నేళ్లు నాతో తిని, తాగి, ఏడ్చి, ఆఖరి పుస్తకానికి నేను పనికిరాకపోయానా? మా అమ్మ పేజీలో దీని చేత చుక్కలు పెట్టిస్తావా? నేనేం తక్కువ చేశానే నీకు?"

మ్యూరియెల్ మెల్లిగా లేచింది. ఆమె గొంతు పెంచదు. పెంచకపోవడమే పెద్ద కోపం.

"నువ్వు చివరి పేజీ చదివేస్తావు నెట్టా."

నెట్టా గిన్నెకు చుట్టిన తువ్వాలు విప్పసాగింది.

"నాకు మొదటి పుస్తకంనుంచీ తెలుసు. ఎవడు పోతాడో వాడి గురించి మూడో అధ్యాయంలోనే నీ గొంతు మారిపోతుంది. నేను వాడి మీద ఆశ పెట్టుకుంటే నువ్వు కళ్లు దించుకుంటావు. అయిదు పుస్తకాలూ నేను నీ మొహంలోనే చదివాను. ఈ ఒక్కటీ, ఈ ఆఖరిదొక్కటీ, ఏమవుతుందో తెలియకుండా, తెలియని మనిషితో చదువుకోవాలనుకున్నాను. అదీ నేను చేసిన పాపం. అబద్ధమాడాను, తప్పే. నిజం చెప్పడానికి నోరు రాలేదు."

గురివింద గింజ తన కింద నలుపెరగదంటారు. ఆ నలుపును ఒకరు తిప్పి చూపిస్తే, అది ఇంకా ఎర్రబడుతుంది తప్ప మరేం చేస్తుంది? మ్యూరియెల్ మాటల్లో ప్రతి ముక్కా నిజమే. నిజం కాబట్టే నెట్టా తట్టుకోలేకపోయింది. ఎదురుగా ఆ పిల్ల బెదురు కళ్లతో పుస్తకాన్ని గుండెలకు హత్తుకుని కూర్చుంది. అది తన చోటు. అది తన కుర్చీ.

"ఓరెత్ చచ్చిపోతుంది" అంది నెట్టా. "పడవలో పెట్టి తోసేస్తారు. టావిన్ ఒడ్డున ఒంటరిగా నిలబడతాడు. పోండి, చదువుకోండి ఇద్దరూ."

మ్యూరియెల్ గోడ వైపు తిరిగి నిలబడింది. మిరెన్ మాత్రం చిన్న పిల్లలా, "ఎందుకు చెప్పారు ఆంటీ?" అంది. ఆ గొంతులో కోపం లేదు. అదే నెట్టాను ఇంటిదాకా వెంటాడింది. చారు గిన్నె అక్కడే ఉండిపోయింది.

తరవాత రెండు గురువారాలు గడిచాయి. నెట్టా తన పుస్తకం తెరవలేదు. టీ కెటిలు పక్కన, గిన్నెలు తుడిచే గుడ్డ కింద పడేసింది. బడిలో పిల్లలకు బఠాణీలు బలవంతంగా వడ్డించడం కూడా మానేసి, ఎవడికి ఎంత కావాలంటే అంత వేసింది. పిల్లలు భయపడ్డారు. పడవ దిగి ఇంటికొచ్చిన డోడ్ విషయమంతా విని, బూట్లు విప్పుతూ, "పోయి క్షమించమని అడుగు" అన్నాడు.

"నేనెందుకు అడగాలి? మొదలుపెట్టింది అది!"

"అయితే అడక్కు. ఇలాగే ఏడువు."

మూడో వారం శనివారం మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. మ్యూరియెల్! ఒక చేతిలో తోమి పెట్టిన చారు గిన్నె, ఇంకో చేతిలో రొట్టెల పొట్లం. కళ్లు ఏడ్చినట్టున్నాయి, మొహం నవ్వుతోంది.

"రాక్షసి! ఎంత రాక్షసివే నువ్వు!" అంటూ లోపలికొచ్చి నెట్టాను వాటేసుకుంది. "నిన్న పూర్తయింది. ఓరెత్ చావలేదు!"

నెట్టా కొయ్యబారిపోయింది.

"ప్రతి పేజీకీ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని చదివాం. ఇప్పుడు పోతుంది, ఇప్పుడు పోతుందని. ఆఖరికి పోకపోయేసరికి నేనూ మిరెనూ షాపులోనే అరిచి గంతులేశాం. జనం ఏమనుకున్నారో! మిరెనే కనిపెట్టింది, 'ఆంటీ కావాలనే తప్పు చెప్పింది, మనకు ఆ సంతోషం మిగలాలని' అంది. అంత కోపంలో కూడా నా కోసం అబద్ధమాడావు. నేనేమో నిన్ను చివరి పేజీ చదువుతావని అన్నాను. క్షమించవే."

"టీ పెడతాను" అంది నెట్టా. కెటిలు దగ్గరికి పోయి, వెనక్కి తిరగకుండా, గుడ్డ కిందనుంచి పుస్తకం లాగి చివరి పేజీ తెరిచింది. రాణి ఉంది, పడవ ఉంది. వేలితో వెనక్కి తిప్పుకుంటూ పోయింది. పన్నెండు పేజీల వెనక పెద్ద అక్షరాలతో ఉంది: వచ్చే ఏడాది రాబోయే కొత్త గాథనుంచి మొదటి అధ్యాయం, ఓరెత్ పుట్టడానికి నూరేళ్ల ముందు కథ. రచయిత్రి తన కొత్త పుస్తకాన్ని ఊరించడానికి పాత పుస్తకం తోకకు తగిలించిన ముక్క అది. చచ్చిపోయింది ఎవరో ముసలి రాణి. పన్నెండు పేజీలు వెనక్కి తిప్పే ఓపిక కూడా లేకుండా నెట్టా ఆ శవాన్ని ఓరెత్ నెత్తిన వేసింది.

"గురువారం నువ్వు రావాలి" అంటోంది వెనకనుంచి మ్యూరియెల్. "మళ్లీ మనిద్దరమే, ముందులాగా. మిరెన్‌కు నేను చెప్పుకుంటాలే."

మనిద్దరమే. ఆరు వారాలుగా నెట్టా కోరుకున్నది సరిగ్గా ఆ మాటే. తాను నోరు విప్పకుండా ఉంటే చాలు. ఊరికే నవ్వి, కప్పులు కడిగి, రొట్టె విరిస్తే చాలు, ఆ కుర్చీ తనదవుతుంది. నోట్లో నీళ్లూరినంత పని అయింది. కాని మ్యూరియెల్ ఇంకా క్షమించమంటూనే ఉంది, నెట్టా నిజంగా చేసిన తప్పును చేయలేదని నమ్మి, పైగా తానే బతిమాలుతోంది. అది నెట్టా గొంతు దిగలేదు.

"మ్యూరియెల్, ఆగవే" అంది, పుస్తకం బల్ల మీద పెట్టి. "నేను అబద్ధమాడలేదు. నిజమనుకునే చెప్పాను. చివరి పేజీ చదివాను, ఎప్పట్లాగే. చదివింది వేరే పుస్తకం ముక్క, నాకు తెలీలేదు. మీ ఇద్దరి సంతోషం పాడవ్వాలనే చెప్పాను. ఆ పిల్ల ఏడవాలనే చెప్పాను."

మ్యూరియెల్ మొహంలో నవ్వు కొంచెంకొంచెంగా ఆరిపోయింది. పుస్తకం తీసుకుని చివరి పేజీ చూసింది. పన్నెండు పేజీలూ తిప్పింది. కెటిలు కూసి కూసి ఊరుకుంది.

"అసలు పుస్తకం చదవలేదన్నమాట" అంది చివరికి.

"ఒక్క ముక్క చదవలేదు."

"టావిన్ సంగతి తెలీదు?"

"తెలీదు."

"ఓరెత్ తల్లి సంగతీ?"

"తల్లికేమైంది?" అంది నెట్టా, ఆపుకోలేక.

మ్యూరియెల్ లేచి కోటు బొత్తాలు పెట్టుకుంది. పుస్తకం చివరి భాగాన్ని, అసలు కథ ముగింపుతో సహా, నెట్టా వంటింటి దారంతో గట్టిగా కట్టి, మూడు ముళ్లు వేసింది.

"మొదటి అయిదు అధ్యాయాలూ చదివి గురువారం రా. ముడి విప్పావో, నీ మొహం చూస్తే నాకు తెలిసిపోతుంది. మిరెన్ కూడా ఉంటుంది."

"మీ ఇద్దరూ చదివేశారుగా. ఇంక మీరేం చేస్తారు?"

"రొట్టెలు తింటూ నీ మొహం చూస్తాం" అంది మ్యూరియెల్. తలుపు వేసుకుని వెళ్లిపోయింది.

నెట్టా ఆ మూడు ముళ్లకేసి చూస్తూ నిలబడింది. వాళ్లిద్దరికీ తెలుసు, తనకు తెలియదు. వాళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వుకుంటారు, తాను మధ్యలో దద్దమ్మలా కూర్చుని, "తర్వాత ఏమవుతుంది?" అని అడుగుతూ ఉంటుంది. ముడి మీద వేలు పెట్టి, తీసేసి, కళ్లద్దాలు తుడుచుకుని, మొదటి పేజీ తెరిచింది.